మొదటి పదిహేను రోజుల చూపుతో ఊరి మీద తీర్పు రాయించకండి

విదేశాల్లోని గ్రామీణాభివృద్ధి సంస్థలకు ఇంటర్న్‌లను పంపుతున్న విశ్వవిద్యాలయాలకు, ప్లేస్‌మెంట్ ఏజెన్సీలకు, వాళ్లను చేర్చుకుంటున్న స్వచ్ఛంద సంస్థల పాలకమండళ్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

గ్రామీణాభివృద్ధి సంస్థల్లో ఫీల్డ్ కోఆర్డినేటర్లుగా, దుబాసీలుగా, చేతిపంపుల మెకానిక్‌లుగా, సర్వే సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. మీ విద్యార్థులు పరాయి దేశంలో దిగాక మొదట కలిసేది మమ్మల్నే. వాళ్లను ఊళ్లకు తీసుకెళ్లేదీ, వాళ్ల ప్రశ్నల్ని ఊరి భాషలోకి మార్చేదీ, జ్వరమొస్తే ఆస్పత్రికి చేర్చేదీ మేమే. చదువుకునే పిల్లలు పల్లెల్ని చూడాలన్న మీ ఉద్దేశం మంచిదే. మా పేచీ ఉద్దేశంతో కాదు.

ప్లేస్‌మెంట్ ముగిసినప్పుడల్లా మీరు పంపే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ఈ విషయాలే రాస్తూ వచ్చాం. సమావేశాల్లో చెప్పాం. ‘మీ సూచనలు పరిశీలనలో ఉన్నాయి’ అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. తర్వాతి బ్యాచ్ మళ్లీ అదే హ్యాండ్‌బుక్ పట్టుకుని దిగుతోంది. అందుకే నలుగురూ చదివేచోట రాయాల్సి వచ్చింది.

ఆ హ్యాండ్‌బుక్‌లో ‘తొలి అభిప్రాయాలు’ అని ఒక అసైన్‌మెంట్ ఉంటుంది. రెండో వారం చివరికల్లా వెయ్యో, పదిహేను వందలో పదాలు రాయాలి, ఫోటోలు జతచేయాలి, చివర్లో ‘ఈ గ్రామానికి మీ సిఫారసులు’ చెప్పాలి. దానికి మార్కులున్నాయి. అది అక్కడితో ఆగితే మాకు బాధ లేదు. ఆ వ్యాసం ఏజెన్సీ ప్రచారంలోకి వెళ్తుంది, తర్వాత స్వచ్ఛంద సంస్థ న్యూస్‌లెటర్‌లోకి, ఆపైన దాతలకు పంపే ప్రతిపాదనలో ‘గ్రామ అవసరాలు’ అనే భాగంలోకి. అప్పటికి రాసిన విద్యార్థి పేరూ, తేదీ, ‘నాకు అనిపించింది’ అన్న మాటా ఊడిపోయి ఉంటాయి. అనిపించినది కాస్తా అంచనా అవుతుంది, అంచనా బడ్జెట్ అవుతుంది. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు తయారైంది వ్యవహారం. ఆ బడ్జెట్‌తో ఏం కట్టారో, ఏం కట్టలేదో దాంతో బతకాల్సింది మాత్రం ఊరివాళ్లు.

వాళ్లకు జరుగుతున్నదేమిటో వరసగా చెబుతాం.

1. మీ సెలవుల క్యాలెండరే సగం నివేదిక రాసేస్తోంది.

ఉత్తరార్ధగోళపు విశ్వవిద్యాలయాలకు పెద్ద సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. కాబట్టి ఇంటర్న్‌లు ఏటా ఆ మూడు నెలల్లోనే వస్తారు. మలావీలో, జాంబియాలో అది మొక్కజొన్న కోతలై గింజ ఇంటికి చేరిన కాలం. దారులు ఆరి ఉంటాయి, మనుషుల దగ్గర తీరిక ఉంటుంది. అక్కడ అసలు కొరత డిసెంబరు తర్వాత మొదలై, మార్చి దాకా, కొత్త పంట చేతికొచ్చేవరకూ సాగుతుంది. అప్పుడే వానలకు మట్టిరోడ్లు తెగిపోతాయి, మలేరియా పెరుగుతుంది, పొలంలో కలుపు పనికి చేతులు చాలవు. ఇవన్నీ ఒకేసారి మీదపడే ఆ నెలల్లో ఒక్క ఇంటర్నూ ఉండడు. ఏటా వచ్చే వ్యాసాల్లో ‘తిండికి పెద్దగా లోటు కనిపించలేదు’ అని ఉంటుంది. రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. ఏ ఏడూ వేరే నెలలో రాలేదు, అంతే.

సహారా ఎడారికి దిగువనున్న నిజేర్, బుర్కినా ఫాసో లాంటి సాహెల్ దేశాల్లో ఇదే తలకిందులు. జూన్–ఆగస్టు అక్కడ గాదెలు అడుగంటే కాలం. నేపాల్ కొండల్లో అది వర్షాకాలం, కొండచరియలు విరిగిపడి కాలిబాటలు మూసుకుపోతాయి. బండి వెళ్లే ఊళ్లే ఇంటర్న్ చూసే ఊళ్లవుతాయి.

రోజులో చూసే వేళ సంగతీ ఇంతే. ఆఫీసు తెరిచి, డీజిల్ పోయించి, సంతకాలు అయ్యేసరికి బండి ఊరు చేరేది పదింటికి. నీళ్ల దగ్గర వరస ఉండేది తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం. పదకొండింటికి పంపు దగ్గర ఎవరూ లేకపోతే ‘నీటి లభ్యత సంతృప్తికరం’ అని రాసుకుంటారు. ఆ వేళకు సమావేశానికి వచ్చి కూర్చునేదీ ఊరిపెద్దలు, కమిటీ సభ్యులు, మగవాళ్లు. బ్రిటిష్ అభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1983లోనే దీనికి గ్రామీణాభివృద్ధి పర్యాటకం అని పేరుపెట్టి, రోడ్డు పక్క ఊళ్లే చూడటం, పొడికాలంలోనే రావడం, ప్రాజెక్టు ఉన్నచోటికే వెళ్లడం, పెద్దమనుషులతోనే మాట్లాడటం, మర్యాద కోసం చేదు ప్రశ్నలు అడక్కపోవడం అంటూ లోపాల్ని ఏకరువు పెట్టారు. మీ అభివృద్ధి అధ్యయనాల సిలబస్‌లో ఆయన ఉంటారు. మీ ప్లేస్‌మెంట్ క్యాలెండర్‌లో ఉండరు.

2. ‘పంపు పనిచేస్తోంది’ అన్న రెండు మాటల వెనక.

ఇంటర్న్‌లకు అప్పగించే పనుల్లో నీటి వనరుల సర్వే ఒకటి. ఫారంలో పనిచేస్తోంది, పనిచేయడం లేదు అని రెండే గళ్లుంటాయి. విద్యార్థి పిడి నాలుగుసార్లు కొడతాడు, నీళ్లొస్తాయి, టిక్కు పెడతాడు. ఆ పంపు నెల తిరక్కుండా ఆగిపోతే, జాబితాలో మాత్రం మరుసటి సర్వే దాకా అది ‘పనిచేస్తోంది’. మరమ్మతు బృందం ఆ ఊరివైపు రాదు.

సరిగా చూడాలంటే గంటసేపు పడుతుంది. ముందు పంపును అరగంట ఎవరూ ముట్టకుండా ఉంచాలి. తర్వాత నిండు దెబ్బలు (పిడిని పూర్తిగా పైకీ కిందికీ ఆడించడం) లెక్కపెడుతూ కొట్టాలి. ఐదు దెబ్బలు దాటినా నీళ్లు రాలేదంటే ఫుట్‌వాల్వ్ (నీటిని కిందికి జారకుండా అడుగున ఆపే కవాటం) దగ్గరో, గొట్టం అతుకుల్లోనో నీరు కిందికి జారుతోందన్నమాట. ఆ తర్వాత నిమిషంలో 40 నిండు దెబ్బలు కొట్టి వచ్చిన నీటిని కొలవాలి. 10 లీటర్లకు తగ్గితే సిలిండర్ లోపలి సీళ్లు అరిగి ఉంటాయి, లేదా బోరులోనే నీటిమట్టం పడిపోయి ఉంటుంది. ఈ రెండింటికీ తేడా తెలుసుకోకుండా సీళ్లు మార్చి లాభం లేదు. మూత విప్పి నీటిమట్టం కొలవాలి.

తర్వాత అడగాల్సినవి ఇంకా ముఖ్యం. పోయినసారి ఎప్పుడు పాడైంది, ఎన్నాళ్లు ఆగింది, సామాను ఎక్కణ్నుంచి తెచ్చారు, డబ్బు ఎవరిచ్చారు? ఆఫ్రిదేవ్ రకం పంపులో ప్లంజర్ (నీటిని పైకి తెచ్చే పిస్టన్), ఫుట్‌వాల్వ్ రెండూ పైనుంచే బయటికి వస్తాయి. నిలువు గొట్టాలు పీకనక్కర్లేదు, ఒక స్పానరుతో ఊళ్లోని మనిషే సీళ్లూ బుష్‌లూ మార్చగలడు. ఇండియా మార్క్ 2 రకం పంపులో అలా కాదు. ఇనప గొట్టాలు ఒక్కొక్కటిగా పైకి లాగితే తప్ప సిలిండర్ అందదు. దానికి పనిముట్లు, నలుగురు మనుషులు, ఒక మెకానిక్ కావాలి. ‘ఊరివాళ్లు తమ పంపు తామే బాగుచేసుకోవడానికి చొరవ చూపడం లేదు’ అని రాసిన వ్యాసాలు మేం చదివాం. అందులో ఏ పంపు గురించి రాశారో ఒక్కచోటా లేదు.

ఎర్రనీళ్ల సంగతి ఇంకా చిత్రం. నీళ్లు తుప్పు రంగులో ఉంటే భూగర్భజలంలో ఇనుము ఉందని తేల్చి ఫిల్టరు ప్లాంటు సిఫారసు చేస్తారు. చాలాచోట్ల ఆ ఇనుము భూమిలోది కాదు. నీటిలో ఆమ్లగుణం ఎక్కువగా ఉండి, పీహెచ్ 6.5 కంటే తగ్గినప్పుడు, జింకు పూత పూసిన ఇనప గొట్టాల్నే అది తినేస్తుంది. తెల్లవారి మొదటి నీళ్లు ఒక సీసాలో, చాలాసేపు కొట్టాక వచ్చిన నీళ్లు ఇంకో సీసాలో పట్టి పోల్చితే చాలు. రెండోది తేటపడితే తప్పు గొట్టానిది. గొట్టాలు స్టీలువో, ప్లాస్టిక్‌వో వేస్తే పోయే రోగానికి ఫిల్టరు కడితే, ఆ ఫిల్టరు మూసుకుపోయిన నాటినుంచి ఆడవాళ్లు మళ్లీ వాగు నీళ్లకే వెళ్తారు. సహారా దిగువ ఆఫ్రికాలో ఏ సమయంలో చూసినా చేతిపంపుల్లో దాదాపు మూడోవంతు పనిచేయకుండా ఉంటాయని 2009లో వెలువడిన అంచనా. ఆ మూడోవంతులోకి మరో పంపును చేర్చడానికి ఇలాంటి ఒక్క సిఫారసు చాలు.

3. కంటికి తేటగా ఉన్నదంతా మంచినీరు కాదు, కంటికి ఇంపుగా ఉన్నదంతా మంచి పథకం కాదు.

1970ల నుంచి బంగ్లాదేశ్‌లో లక్షల గొట్టపు బావులు దించారు. చెరువు నీటి రోగాల నుంచి జనాన్ని తప్పించడానికే. నీరు తేటగా ఉంది, విరేచనాల భయం తగ్గింది. ఆర్సెనిక్ పరీక్ష మాత్రం చేయలేదు. బావుల్లో అది ఉందని అక్కడ 1993లో బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. దాన్ని ఎన్నో రెట్లు దాటిన నీటిని కోట్లమంది ఏళ్ల తరబడి తాగారు. రంగు, రుచి, వాసన ఏదీ లేని విషం అది. చర్మం మీద మచ్చలు తేలడానికే ఏళ్లు పడుతుంది. ఆ బావులు దించింది ఇంటర్న్‌లు కాదు, ఆరితేరిన సంస్థలు. వాళ్లకే పట్టుబడని సంగతి రెండు వారాల చూపుకు ఎలా పట్టుబడుతుంది?

ఇంకొకటి. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్లు పైకెక్కే ప్లేపంపు. 2006లో పెద్దయెత్తున విరాళాలు ప్రకటించి, 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు పెడతామన్నారు. ఒక్కో పంపు 2,500 మందికి నీళ్లివ్వాలన్నది లెక్క. అంతమందికి కనీస నీరు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక పత్రిక లెక్కగట్టింది. పిల్లలు లేనప్పుడు ఆ రాట్నాన్ని తోసింది ఆడవాళ్లు, ముసలివాళ్లు. కార్యక్రమం లక్ష్యం చేరకముందే ఆగింది. ఫోటోలో అంత బాగా పడే పథకాన్ని తొలిచూపులో ఎవరు కాదంటారు చెప్పండి.

నీటి నమూనా తీయడం కూడా మూడో రోజే ఇంటర్న్ చేతిలో పెడుతున్నారు. పంపు నోటిని శుభ్రం చేసి, కొన్ని నిమిషాలు నీళ్లు వదిలేసి, క్రిమిరహిత సీసాలో, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టెలో ఉంచి, వీలైతే 6 గంటల్లో, మించితే 24 గంటల్లో ల్యాబుకు చేర్చాలి. వేలు తగిలిందా, మంచి బావి ‘కలుషితం’ అవుతుంది. వనరు దగ్గర ఒక నమూనా తీసి ఇంట్లో బిందెలోంచి ఇంకోటి తీయకపోతే మురికి ఎక్కడ కలుస్తోందో తెలియదు. తప్పుడు ఫలితంతో మూతపడిన బావిని మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో మాలో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

4. సర్వే అంటే ఊరికి ఏమనిపిస్తుంది.

ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునేవాళ్లు వచ్చారంటే ఏదో ఇవ్వడానికే వచ్చారని ఊరు అనుకుంటుంది. ‘ఇది చదువు కోసం’ అని ఎన్నిసార్లు చెప్పినా అంతే, ఎందుకంటే పోయినసారి ఇలాగే రాసుకున్నవాళ్లు తర్వాత విత్తనాలు పంచారు. కాబట్టి జవాబుల్లో మేకలు తగ్గుతాయి, అప్పులు పెరుగుతాయి. కొందరు మర్యాదకొద్దీ అన్నిటికీ అవునంటారు. చివరికి ఏమీ రాకపోతే నష్టపోయేది మా టీకాల సర్వే, పౌష్టికాహార సర్వే. తలుపులు తీయరు.

ప్రశ్నావళి తయారీకి ఓ పద్ధతుంది. ఒకరు ఊరి భాషలోకి మార్చాలి. అసలు ప్రతి చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి మార్చాలి. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిదిద్దాలి. సర్వేలో లేని ఊళ్లో పది పదిహేను ఇళ్లలో ప్రయత్నించి చూడాలి. కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద తినేవాళ్లా, ఒకే కప్పు కింద పడుకునేవాళ్లా, పట్నంలో కూలికెళ్లిన కొడుకు లెక్కలోకి వస్తాడా అన్నది ముందే తేలాలి. పంట ‘ఎన్ని బస్తాలు’ అని అడిగితే బస్తా ఎంతదో, అందులో ఉన్నది కంకులో, ఒలిచిన గింజలో రాసుకోవాలి. అది రాయకుండా తెచ్చిన దిగుబడి లెక్కలు రెండింతలు తేడాగా ఉన్నా ఎవరూ పట్టుకోలేరు. ఇదంతా చకచకా చేసినా వారంపైనే పడుతుంది. ఆరు వారాల ప్లేస్‌మెంట్‌లో ఆ వారం లేదు గనుక మీ విద్యార్థులు ఇంటర్నెట్‌లో దొరికిన ప్రశ్నావళితో వస్తారు. గంటన్నర పట్టే ప్రశ్నావళితో కలుపు రోజుల్లో ఒక మనిషిని కూర్చోబెడితే ఆ పొద్దుటి పని పోయినట్టే.

దుబాసీ గురించీ ఒక మాట. రోజుకు నాలుగైదు ఇంటర్వ్యూలు దాటితే ఏ దుబాసీ అయినా అలిసిపోయి, ఐదు నిమిషాల జవాబును ఒక్క వాక్యానికి కుదిస్తాడు. ఆ వాక్యమే మీ నివేదికలో ఊరి గొంతు. దుబాసీ అదే ఊరివాడైతే ఆడవాళ్లు అప్పుల మాటా, ఇంట్లో దెబ్బల మాటా ఎత్తరు. మగ దుబాసీ ముందు ప్రసవాల గురించి అడగడమే తప్పు. ఇదంతా తెలిసీ చాలా ప్లేస్‌మెంట్లలో దుబాసీ కూలి ఏ పద్దులోనూ ఉండదు. ‘సంస్థలో భాష వచ్చినవాళ్లు ఎవరో ఒకరు సాయపడతారు’ అని ఉంటుంది. ఆ ఎవరో ఒకరు సాధారణంగా గర్భిణుల్ని చూడాల్సిన ఆరోగ్య కార్యకర్త.

5. ఫోటోలు. నలతగా ఉన్న పిల్లవాడి మొహం, పేరు, ఊరు మూడూ ఒకేచోట బయటపెట్టకూడదన్నది అందరూ ఒప్పుకునే నియమమే. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపకపోతే మూడోది దానంతటదే చేరుతుంది. అసైన్‌మెంట్‌కు ఫోటోలు తప్పనిసరి చేసి, అనుమతి పత్రం మాత్రం ఆ ఊరి భాషలో ఇవ్వకుండా పంపుతున్నది మీరే.

6. ఖర్చు ఎవరిది? విద్యార్థి కట్టే రుసుములో పెద్దవాటా పంపే ఏజెన్సీ దగ్గరే ఉంటోంది. వీసా ఉత్తరాలు, స్థానిక అధికారుల దగ్గర నమోదు, బండి, డీజిల్, దుబాసీ, పర్యవేక్షించే ఉద్యోగి సమయం, జబ్బు చేస్తే తోడు వెళ్లే మనిషి – ఇవన్నీ ఆతిథ్య సంస్థ మోస్తోంది. ఎనిమిది వారాలంటే 40 పనిదినాలు. అందులో పరిచయాలు, నమోదు, ఒంట్లో నలత, బండి దొరకని రోజులు, చివరి వారం నివేదిక, వీడ్కోలు తీసేస్తే సగం మిగిలితే గొప్ప. ఆ సగం కోసం ఒక ఫీల్డ్ ఆఫీసర్ రెండు నెలలు తన ఊళ్లకు వెళ్లడం తగ్గిస్తాడు. పర్యాటక వీసా మీద పనికి పంపితే జరిమానా పడేది, రిజిస్ట్రేషన్‌కు ముప్పు వచ్చేది కూడా ఆతిథ్య సంస్థకే.

7. విద్యార్థుల క్షేమం. పసుపు జ్వరం (యెల్లో ఫీవర్) టీకా ధ్రువపత్రం టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ఇది చూసుకోక సరిహద్దులో ఆగిపోయేవాళ్లుంటారు. మలేరియా నివారణకు డాక్సీసైక్లిన్ వాడేవాళ్లు ఆ ప్రాంతం విడిచాక కూడా నాలుగు వారాలు మింగాలి, ఇంటికి చేరగానే మానేస్తారు. కుక్క కరిస్తే ముందు సబ్బూ నీళ్లతో 15 నిమిషాలు కడగాలని ప్రయాణానికి ముందే నేర్పాలి, ఎందుకంటే వ్యాక్సిన్ దొరికే ఆస్పత్రి గంటల దూరంలో ఉండొచ్చు. అన్నిటికంటే పెద్ద ముప్పు రోడ్డు. ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటికి మోటార్‌సైకిల్ ప్రమాదాలు వర్తించవు. మా ఊళ్లకు వెళ్లే బండి మోటార్‌సైకిలే. మీ చెక్‌లిస్టులో ‘బీమా ఉంది’ అన్న గడి ఉంటుంది, పాలసీ చదివిన దాఖలా ఉండదు.

ఇందులో ఇంటర్న్‌ల తప్పు తక్కువ. నిజానికి చాలామంది ఆ వ్యాసం రాయడానికి ఇబ్బంది పడతారు. ‘నాకింకా ఏమీ అర్థం కాలేదు’ అని రాస్తే మార్కులు తగ్గుతాయని భయపడి సిఫారసులు రాస్తారు. కొత్త కళ్లకు విలువ లేదనీ మేం అనం. అలవాటైపోయి మాకు కనిపించని వాటిని వాళ్లు అడుగుతారు. పంపు చుట్టూ సిమెంటు గచ్చు పగిలి మురుగు లోపలికి ఇంకుతోందని, సమావేశంలో ఆడవాళ్లు వెనక వరసలోనే కూర్చున్నారని మొదట అడిగేది వాళ్లే. ప్రశ్నగా వచ్చినంతవరకు అది మాకు మేలు. ముగింపుగా అచ్చయినప్పుడే చేటు. మా దగ్గర వాళ్లు బాగా చేయగల పనులు బోలెడు: పాత సర్వేల ఎక్సెల్ ఫైళ్లు శుభ్రం చేయడం, నీటి వనరుల జీపీఎస్ మ్యాపులు సరిదిద్దడం, దాతలు అడిగే ఫారాలు నింపడం, బీరువాల్లో పడి ఉన్న పాత ఇంటర్న్ నివేదికలు చదివి అందులో ఏది నిజమైందో ఏది కాలేదో తేల్చడం. ఈ చివరి పని ఇంతవరకు ఏ హ్యాండ్‌బుక్ అడగలేదు.

మా డిమాండ్లు ఇవి:

1. ‘తొలి అభిప్రాయాలు’ అసైన్‌మెంట్‌ను ఇప్పుడున్న రూపంలో రద్దు చేయండి. దాని స్థానంలో మూడు గడుల నోటుపుస్తకం పెట్టండి: కళ్లతో చూసింది, ఎవరో చెప్పింది (ఎవరన్నదీ, ఎవరి ముందు చెప్పారన్నదీ సహా), తాను ఊహించుకున్నది. మార్కులు మూడో గడిని మొదటి రెండింటి నుంచి ఎంత నిజాయితీగా విడదీశారన్న దానికి ఇవ్వండి. నాలుగు వారాలు నిండేదాకా అందులోని ఏ వాక్యమూ ప్రచారానికీ, నిధుల ప్రతిపాదనకూ వాడకూడదు. నిండాక కూడా, ఫీల్డ్ సిబ్బంది చదివి సంతకం చేశాకే.

2. క్షేత్రపని ఉన్న ప్లేస్‌మెంట్‌కు కనీసం 12 వారాలు. అంతకు తక్కువైతే ఆఫీసు పని మాత్రమే. అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ తన వాలంటీర్లకు పని అప్పగించేముందే దాదాపు మూడు నెలలు భాష, పద్ధతులు నేర్పుతుంది, మొత్తం 27 నెలలు ఉంచుతుంది. మీరు మొత్తం ఉంచేది ఆ శిక్షణంత కూడా కాదు.

3. ప్రతి ఆతిథ్య సంస్థకూ మూడేళ్లలో ఒక బ్యాచ్ అయినా కొరత కాలంలో రావాలి. సెమిస్టరు మార్చడం కష్టమంటారు. వానలు జరపడం ఇంకా కష్టం.

4. పని ఏమిటో ఆతిథ్య సంస్థ రాస్తుంది. అవసరం లేదనుకుంటే ఇంటర్న్‌ను వద్దనే హక్కు దానికి ఉండాలి, ఆ కారణంగా నిధులు తగ్గకూడదు.

5. దుబాసీ కూలి, బండి ఖర్చు, పర్యవేక్షక సమయం విడివిడి పద్దులుగా బడ్జెట్‌లో చూపి, విద్యార్థి బయలుదేరేముందే చెల్లించాలి. ఆడవాళ్లతో మాట్లాడే పని ఉంటే మహిళా దుబాసీ తప్పనిసరి.

6. విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు ఆ దేశపు అనుమతి కూడా లేనిదే ఇల్లిల్లూ తిరిగే సర్వే వద్దు. చేసిన సర్వే ఫలితాలు మూడు నెలల్లో ఊరి భాషలో, ఊరి సమావేశంలో చదివి వినిపించాలి. కాగితం అతికించి రావడం చాలదు.

7. నీటి నమూనాలు, పంపు పరీక్షలు శిక్షణ పొందిన సిబ్బంది పక్కన ఉండగానే చేయాలి. ఫారంలో రెండు గడులు తీసేసి దెబ్బల లెక్క, లీటర్లు, చివరిసారి ఆగిన రోజులు చేర్చాలి.

8. మోటార్‌సైకిల్ ప్రమాదాలకు వర్తించే బీమా, సరైన వీసా, టీకాల తేదీలు – ఈ మూడింటి నకళ్లు బయలుదేరడానికి నాలుగు వారాల ముందు మాకు చేరాలి. చేరకపోతే విమానాశ్రయానికి ఎవరూ రారు.

9. ఊరివాళ్లు ఇంటర్న్ మీద గానీ, ఇంటర్న్‌ను పంపినవాళ్ల మీద గానీ ఫిర్యాదు చేసే దారి ఉండాలి. చదువు రానివాళ్లు కూడా వాడగలిగేలా ఉండాలి. ఫిర్యాదుల్ని ఆహ్వానించి పరిష్కరించాలని సహాయ సంస్థల ప్రమాణాల పత్రమైన కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్ 2014లోనే చెప్పింది. దాన్ని పాటిస్తున్నామని మీలో కొందరు లెటర్‌హెడ్ మీదే వేసుకున్నారు.

ఈ డిమాండ్లలో మొదటిదానికి ఖర్చేమీ లేదు, హ్యాండ్‌బుక్‌లో ఒక పేజీ మార్చితే చాలు. కాబట్టి దానికి గడువు వేరుగా పెడుతున్నాం: ఈ లేఖ వెలువడిన 60 రోజుల్లో రాతపూర్వక జవాబు. మిగతావాటిపై వచ్చే విద్యా సంవత్సరం ఒప్పందాలు కుదిరేలోపు మాతో కూర్చుని మాట్లాడాలి. ఆ సమావేశంలో ఊళ్ల నీటి కమిటీల నుంచి కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి, వాళ్ల ప్రయాణం, దుబాసీ ఖర్చు మీవి.

గడువులోగా జవాబు రాకపోతే, తర్వాత వచ్చే బ్యాచ్ నుంచి ‘తొలి అభిప్రాయాలు’ అసైన్‌మెంట్ మీద ఆతిథ్య సంస్థ తరఫున మేం సంతకం పెట్టం. మొదటి నాలుగు వారాల్లో ఆ అసైన్‌మెంట్ కోసం చేసే ఊరి పర్యటనలకు దుబాసీని గానీ, బండిని గానీ ఇవ్వం. ఇప్పటికే వచ్చి మాతో పనిచేస్తున్న విద్యార్థులకు ఇది వర్తించదు. వాళ్ల పని ముగిసేదాకా మా సాయం ఎప్పటిలాగే ఉంటుంది.

ఇట్లు,
గ్రామీణాభివృద్ధి సంస్థల ఫీల్డ్ కోఆర్డినేటర్లు, దుబాసీలు, పంపు మెకానిక్‌లు, సర్వే సిబ్బంది